ఇద్దరు సాయమ్మలు

మహేందర్ ఆఫీసు క్యాబు నడుపుతాడు. పొద్దున ఆరింటికి నల్లగండ్లలో నలుగురు ఉద్యోగులను ఎక్కించుకుని రాయదుర్గం టవర్ల దగ్గర దించాలి. మధ్యాహ్నం మూడున్నరకు మళ్లీ వాళ్లను ఇళ్లకు చేర్చాలి. నడుమ ఉన్న పొద్దంతా డ్రైవర్లు టవర్ల వెనక ఖాళీ జాగాలో బండ్లు వరసగా పెట్టుకుని ఎదురుచూస్తారు. కొందరు సీటు వెనక్కి వాల్చి నిద్రపోతారు. కొందరు బానెట్ మీద పేకముక్కలు పరుస్తారు. మహేందర్ మాత్రం, నీడ దొరికిన రోజు హాయిగా, దొరకని రోజు చెమటలు కక్కుకుంటూ, ఫోన్‌లో వికీ రాస్తాడు.

వికీ అంటే అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం. ఎవరైనా రాయవచ్చు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు దిద్దవచ్చు. జీతం ఉండదు, పేరు రాదు. తెలుగులో రోజూ రాసేవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడితే పెళ్లిలో ఒక పంక్తి కూడా నిండదు. ఐదేళ్ల కింద ఒకనాడు మహేందర్ పొద్దుపోక తన ఊరి పేరు కొట్టి చూశాడు. జనగామ వైపు ఎర్రగుంటపల్లె. రెండే ముక్కలు కనిపించాయి, జనాభా ఇంత, పిన్‌కోడు ఇంత. పిన్‌కోడు తప్పు. పక్కనే 'సవరించు' అని ఉంది. నొక్కాడు, దిద్దాడు, భద్రపరిచాడు. అంతే, ఊరు సరైపోయింది. ఈ టవర్ల మధ్య మూత్రానికి పోవాలన్నా గేటు దగ్గర పేరు రాయించుకుంటారు. ఇక్కడ ఎవరూ ఐడీ కార్డు అడగలేదు. అదే అతనికి నచ్చింది.

పది నిమిషాలకు అతని పేజీలో ఒక సందేశం వచ్చింది. "మహేందర్ గారూ, స్వాగతమండి. మంచి సవరణ చేశారు. ఏ సందేహం వచ్చినా నన్నడగండి." రాసింది శ్రావణి అనే నిర్వాహకురాలు. నిర్వాహకులంటే పేజీలకు తాళం వెయ్యడం, తగవులు తీర్చడం, అవసరమైతే ఎవరినైనా ఆపడం చెయ్యగలిగినవాళ్లు. వాళ్లూ జీతం లేనివాళ్లే. భీమవరం నుంచి వచ్చి నల్లగండ్లలోనే ఉంటుందని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని తర్వాత తెలిసింది. ఐదేళ్లలో ఒక్కసారి కూడా కలవలేదు. ఉన్నదల్లా రాతే. తన వృత్తి ఏమిటని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మొదటి పాఠం చెప్పింది ఆమే. "మనకు తెలిసినది రాయకూడదండి. అచ్చులో ఉన్నది రాయాలి. ఎక్కడ ఉందో చూపించాలి. దాన్నే మూలం అంటాం." అతనికది మొదట వింతగా తోచింది. ఎర్రగుంటపల్లె బోనాల గురించి తనకంటే పుస్తకానికి ఎక్కువ తెలుసా? కానీ నెమ్మదిగా అందులోని న్యాయం అర్థమైంది. మూలం అడగకపోతే ఎవడి డప్పు వాడు కొట్టుకుంటాడు.

రెండో గురువు కరీంనగర్‌లో ఉండే రాజయ్య మాస్టారు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై ఏళ్లు. మహేందర్ రాసిన ప్రతి వ్యాసానికీ వెనకే వచ్చి ఒత్తులు, దీర్ఘాలు సరిచేసి, కింద చర్చా పేజీలో 'శుభాశీస్సులు' అని పెట్టి పోయేవాడు. ఒక్కోసారి ఆ శుభాశీస్సుల కోసమే మహేందర్ రాసేవాడు.

అట్లా రాస్తూ రాస్తూ ఒకనాడు సాయమ్మ దగ్గరికి చేరాడు.

నల్లగండ్లలో అతను పొద్దున్నే బండి ఆపే అపార్టుమెంటుకు శ్రీను అనే అతను వాచ్‌మన్. శ్రీను తల్లి సెల్లారు ర్యాంపు ఊడుస్తూ ఏదో కూనిరాగం తీస్తుండేది. ఆ రాగం మహేందర్ చెవికి ఎక్కడో తగిలింది. నాలుగు రోజులు విన్నాక అడిగాడు.

"అవ్వా, మీది ఏ ఊరే?"

"తుమ్మలబండ కొడుకా. ఎందుకు?"

"నువ్వు చిందు భాగోతంల రాజు వేషం కట్టేటిదానివి గదా? పంటలు ఇంటికొచ్చినంక మా ఎర్రగుంటపల్లెకు వచ్చేటోళ్లు మీరు."

ఆమె చీపురు గోడకానించింది. "నీకెట్ల ఎరికె?"

"మా నాయిన భుజాల మీద కూసోని చూసిన. నువ్వు కత్తి దూస్తె భయమై ఏడ్సిన."

"ఏడ్వకుంటె ఎట్ల? రాజును జూసి నవ్వుతరా?" అని నోరంతా తెరిచి నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు.

ఆడమనిషి రాజు వేషం కట్టి, ముఖానికి అర్దళం రంగు పూసి, భుజకీర్తులు పెట్టుకుని తెల్లవార్లూ గజ్జె కట్టి ఆడడం ఒకప్పుడు పదిహేను ఊళ్లలో పెద్ద ముచ్చట. ఇప్పుడు ఆమె డెబ్బై రెండేళ్ల వయసులో సెల్లారులో ఒక గదిలో, నీళ్ల మోటారు పక్కన ఉంటోంది. మహేందర్‌కు ఆ సంగతి మింగుడుపడలేదు. రాయాలనుకున్నాడు. మూలాలు కావాలి. శ్రీను ట్రంకుపెట్టెలోంచి రెండు పాత పేపరు ముక్కలు, ఏదో కళా ఉత్సవానికి అచ్చేసిన ఒక పాత సంచిక తీశాడు. సంచికలో ఒక వాక్యం ఉంది: 'సాయమ్మ ఖంగుమనే గొంతుతో పాడిన దరువు సభను కట్టిపడేసింది, తదితరులు సహకరించారు.' మహేందర్ ఆ వాక్యాన్ని వ్యాసంలో పెట్టి, సంచిక పేరు, పుట సంఖ్య కింద చూపించాడు. ఫొటో కోసం ఆమె తన దగ్గర మిగిలిన కిరీటం పెట్టుకుంది. వెనక కార్లు కనబడకుండా శ్రీను దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు.

వ్యాసం అందరికీ నచ్చింది. వారం రోజులు వికీ మొదటి పేజీలో నిలిచింది. మాస్టారు శుభాశీస్సులతో ఆగక 'మీరు మంచి పని చేశారు నాయనా' అని రాశాడు. నెల తిరక్కముందే ఒక విశ్వవిద్యాలయం జానపద శాఖ నుంచి వికీ తరఫున శ్రావణికి ఉత్తరం వచ్చింది. సాయమ్మకు వచ్చిన కథ మొత్తం, ఏడు రాత్రుల కథ, రికార్డు చేస్తారట. ఫాల్గుణంలో వస్తారట. అది విన్న రోజు నుంచి సాయమ్మ సెల్లారులో కూర్చుని మరిచిపోయిన పదాలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున మహేందర్ బండి ఆగగానే, "నిన్న ఒక దరువు దొరికింది కొడుకా" అని చెప్పేది, పోయిన మేకపిల్ల దొరికినట్టు.

ఒక మంగళవారం, పదకొండు గంటలప్పుడు, మహేందర్ ఫోన్ తీసి చూస్తే సాయమ్మ పేజీని మాస్టారు దిద్దినట్టు కనిపించింది. మళ్లీ ఏ ఒత్తో అనుకుని తెరిచాడు. 'నివసిస్తోంది' అన్నచోట 'నివసించేది' అని ఉంది. 'పాడుతుంది' అన్నచోట 'పాడేది' అని ఉంది. పేరు పక్కన పుట్టిన సంవత్సరం తర్వాత ఒక గీత, గీత తర్వాత మొన్నటి ఆదివారం తేదీ.

ఆ పొద్దున ఆమెను చూశాడో లేదో గుర్తుకు రాలేదు. శ్రీనుకు ఫోన్ చేశాడు.

"శ్రీనూ, అవ్వ ఎట్లున్నది?"

"పండుకున్నదన్నా. ఎందుకు?"

"జర లేపు."

"ఇప్పుడే కన్నంటుకుంది…"

"లేపవోయ్ నువ్వు!"

కాసేపటికి నిద్ర గొంతు వినబడింది. "ఏంది కొడుకా? దరువు యాదికొచ్చిందా నీకు?"

"ఏం లేదవ్వా. ఊకెనే," అని పెట్టేశాడు.

మాస్టారు కింద మూలం చూపించాడు. ఒక దినపత్రిక జిల్లా పేజీ. 'చిందు కళాకారిణి సాయమ్మ మృతి.' మహేందర్ చదువుతూ పోయాడు. వాక్యాలన్నీ ఎక్కడో చూసినట్టున్నాయి. ఎక్కడో ఏమిటి, తనవే. తను ఈ సీట్లో కూర్చుని రాసినవే. ఫొటో కూడా తను తీసినదే, దుప్పటి అంచున శ్రీను బొటనవేలితో సహా. జనగామ దగ్గర మల్లెకుంటలో సాయమ్మ అనే చిందు కళాకారిణి చనిపోయింది. విలేకరి ఆ పేరును ఫోన్‌లో వెతికాడు, దొరికింది ఎత్తి రాశాడు. ఆ పేపరు చూసి మాస్టారు వికీలో చావు రాశాడు. తన రాత ఊరంతా తిరిగి తన దగ్గరికే సాక్ష్యంగా వచ్చి నిలబడింది.

మహేందర్ తేదీని తీసేశాడు. 'ఆమె బతికే ఉంది' అని దిద్దుబాటు సారాంశంలో రాశాడు. అరగంటలో మాస్టారు మళ్లీ పెట్టాడు. 'మహేందర్ గారూ, బాధ అర్థమైంది. కానీ పత్రికలో ఫొటోతో సహా వచ్చింది, ఊరి పేరు ఒక్కటే తేడా. మన సొంత మాట మూలం కాదు.' మహేందర్ మళ్లీ తీశాడు. మాస్టారు మళ్లీ పెట్టాడు. మహేందర్ మూడోసారీ తీశాడు. 'నేను ఈమెను రోజూ చూస్తాను సార్, ఇప్పుడే మాట్లాడాను' అని రాశాడు. మాస్టారు మూడోసారీ పెట్టాడు.

మధ్యాహ్నం రెండింటికి అతని తెర మీద ఎర్ర పెట్టె ఒకటి వచ్చింది. పదే పదే వెనక్కి తిప్పినందుకు ఒక రోజు నిరోధం. వేసింది శ్రావణి. కింద విడిగా రాసింది. "క్షమించండి మహేందర్ గారూ. మూడుసార్లు తిప్పితే ఎవరినైనా ఆపాల్సిందే. మాస్టారికీ అంతే, ఆయన్నీ ఆపాను. రేపు చర్చా పేజీలో మాట్లాడుకుందామండి."

ఐదేళ్లలో మొదటిసారి అతనికి గేటు దగ్గర ఆపినట్టనిపించింది.

ఈలోపు ఊళ్లో పేపరు తన పని తను చేసింది. తుమ్మలబండలో సాయమ్మ ఆడబిడ్డ పేపరు చూసి గుండెలు బాదుకుందట. శ్రీనుకు ఫోన్ల మీద ఫోన్లు. "మాకు చెప్పకుండ కాలవెడ్తరా?" అని ఒకరు, "పట్నంలనే చేసిన్రా దినాలు?" అని ఒకరు. మర్నాడు పొద్దున మహేందర్ బండి ఆపేసరికి శ్రీను ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. సాయమ్మ మాత్రం నవ్వుతోంది.

"నేను సచ్చిన్నట కొడుకా. మరి రాత్రి బువ్వ తిన్నదెవలు?"

"పేపరోళ్లు తప్పు రాసిన్రవ్వా."

"పేపరుది ఇడిసిపెట్టు. నీ ఫోన్ల కూడ అట్లనే ఉన్నదంట గద. శీను చూపిచ్చిండు." ఆమె నవ్వు ఆపింది. "రాసింది నువ్వే గద. నువ్వే తుడ్చెయ్యి."

"తుడ్సరాదవ్వా."

"ఎందుకు రాదు?"

దానికి జవాబు అతనికి తెలుసు. ఐదేళ్లుగా కొత్తవాళ్లకు అతనే చెబుతూ వస్తున్నాడు. కానీ ర్యాంపు మీద చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. వెనక సీట్లోంచి ఒకమ్మాయి, "భయ్యా, లాగిన్ టైమ్ అవుతోంది," అంది. బండి కదిలించాడు.

చర్చా పేజీలో శ్రావణి మూడు వారాల గడువు పెట్టింది. అప్పటిదాకా మరణ తేదీ పక్కన 'నిర్ధారించవలసి ఉంది' అని ఒక పట్టీ అతికించింది. శ్రీను అది తల్లికి చదివి వినిపించాడు.

"నిర్ధారించుడంటె ఏందిరా?"

"పక్కా చేసుడమ్మా."

"ఎవలిని? నన్నా?"

మహేందర్ ఆమెతో ఆ రోజు పేపరు పట్టించి వీడియో తీసి పెట్టాడు. ఎవరో తెలియని వాడుకరి ఒకరు వచ్చి, 'వీడియోలో ఉన్నది ఆమే అని ఏమిటి రుజువు?' అని అడిగి వెళ్లాడు. అడిగింది తప్పేం కాదు. అదే పెద్ద బాధ. ఎవరిమీద కోపం తెచ్చుకుందామన్నా ఎవరూ తప్పు మాట్లాడటం లేదు.

గురువారం సాయంత్రం శ్రావణి తనంతట తనే వస్తానంది. "ఒకటిన్నర కిలోమీటరేనండి, నడిచే వస్తాను." సెల్లారు దగ్గర నిలబడ్డ మహేందర్ యూనిఫాం, మెడలో ఐడీ కార్డు తాడు చూసి ఒక్క క్షణం ఆగింది. "మహేందర్ గారేనా అండి?" అంది. "నేను మీరు లెక్చరర్ అనుకున్నానండి." అతను నవ్వాడు. అంతకుమించి ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె సాయమ్మ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద గంటసేపు కూర్చుంది. చాయ్ తాగింది. ఒక దరువు విని కళ్లు తుడుచుకుంది. వెళ్లేముందు సాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"చూసినవు గద బిడ్డా నన్ను. ఇగ తుడ్చెయ్యమని చెప్పు."

శ్రావణి మహేందర్ వైపు చూసింది. బయటికి వచ్చాక మెల్లగా అంది. "నేను చూశానండి. కానీ నేను చూడటం కూడా మూలం కాదు. నిర్వాహకురాలిని కదా అని నేను తీసేస్తే, రేపు ఇంకెవరో వాళ్లకు నచ్చినది తీసేస్తారు. ఏదో ఒక కాగితం దొరకాలండి. పత్రిక సవరణ వేసినా చాలు."

పత్రిక చుట్టూ మహేందర్ అప్పటికే తిరుగుతున్నాడు. నగరం ఆఫీసుకు పోతే జిల్లా డెస్కును అడగమన్నారు. జిల్లా డెస్కు విలేకరి నంబరిచ్చింది. విలేకరి పరేషాన్‌లో ఉన్నాడు. "అన్నా, ఆ సాయమ్మ సచ్చింది నిజం. పీనుగను నేనే చూసిన. ఫొటో ఒక్కటే మారింది. సార్‌కు చెప్త తియ్," అన్నాడు. రోజులు గడిచాయి కానీ పేపరులో ఏమీ రాలేదు.

జానపద శాఖ నుంచి శ్రావణికి ఉత్తరం వచ్చింది. 'సాయమ్మ గారి మృతికి సంతాపం. ఆమెకు కేటాయించిన తేదీలను మరో కళారూపానికి మార్చాము.' మహేందర్ ఫోన్ చేశాడు. అవతల మేడమ్ నిజంగానే సంతోషించింది. "బతికే ఉన్నారా? ఎంత మంచి వార్త! కానీ టీము ఆదిలాబాద్ వెళ్లిపోయిందండి. పై సంవత్సరం తప్పకుండా చూద్దాం." పై సంవత్సరం అన్న మాట సాయమ్మకు చెప్పలేక రెండు రోజులు బండి గేటు అవతలే ఆపాడు.

వార్త వచ్చాక మూడో ఆదివారం సెలవు తీసుకుని బస్సెక్కి మల్లెకుంట పోయాడు. చనిపోయిన సాయమ్మ మరణ పత్రం దొరికితే ఇద్దరూ వేరని తేలుతుంది. ఊరి చివర రేకుల ఇల్లు. ఆమె బిడ్డ భాగ్యమ్మ, నలభై ఏళ్ల మనిషి, కూలికి పోయి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మహేందర్ వచ్చిన పని చెప్పాడు. ఆమె మారు మాట్లాడకుండా లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మరణ పత్రం ఉంది. దాని మీద అపురూపంగా మడిచిన పేపరు ముక్క ఉంది. కిరీటం పెట్టుకుని, వెనక దుప్పటితో, సెల్లారు సాయమ్మ.

"ఈమె మీ అమ్మ గాదు గదమ్మా," అన్నాడు.

"కాదన్నా. మాకెరికే." భాగ్యమ్మ ముక్కను మడత పోకుండా సరిచేసింది. "పేరు మాత్రం మా అమ్మదే గద. ఊరి పేరు మాదే ఉన్నది. ముప్పై ఏండ్లు పాడింది మా అమ్మ. పేపర్ల పడ్డది ఇదొక్కటే. అందుకే దాసిపెట్టుకున్న."

"మీ అమ్మ ఫొటో లేదా?"

ఆధార్ కార్డు చూపించింది. అందులో ముఖం పొగచూరినట్టుంది.

"అన్నా, నువ్వు కంప్యూటర్ల రాస్తవంట గద. మా అమ్మది కూడ రాయవా? ఈ వేషపామెది రాసినట్టే."

"చూస్త చెల్లె," అన్నాడు. మరణ పత్రాన్ని ఫొటో తీసుకున్నాడు. ఆమె మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాడు.

ఆ కాగితంతో పని అయింది. తండ్రి పేరు వేరు, ఊరు వేరు, వయసు వేరు. మాస్టారే మొదట ఒప్పుకున్నాడు. తనే స్వయంగా గీతను, తేదీని తీసేసి, 'నివసించేది'ని 'నివసిస్తోంది' చేసి, చర్చా పేజీలో రాశాడు. 'బతికున్న తల్లిని పంతొమ్మిది రోజులు చంపి ఉంచాను. నియమం ప్రకారమే చేశాను. అయినా నా మనసు ఒప్పడం లేదు. మహేందర్ గారూ, మన్నించండి.' మహేందర్ ఆ వాక్యాలు రెండుసార్లు చదివాడు. మన్నించడానికి తన దగ్గర ఏముంది? మాస్టారు రాసిన నియమం తనూ నమ్మినదే. కింద 'నమస్కారం సార్' అని మాత్రం పెట్టాడు.

వికీలో సరైంది గానీ వికీ నుంచి ఎత్తుకున్న చోట్ల సరికాలేదు. పది పదిహేను సైట్లలో సాయమ్మ ఇంకా చనిపోయే ఉంది. శ్రీను ఫోన్‌లో గొంతుతో అడిగితే ఆడగొంతు ఒకటి తేదీతో సహా చెబుతుంది. వాటికి చర్చా పేజీలు లేవు. అడగడానికి మనుషులూ లేరు.

సోమవారం పొద్దున మహేందర్ కాస్త ముందుగా వచ్చి సాయమ్మకు అంతా చెప్పాడు. చనిపోయినామెది మల్లెకుంట అనగానే ఆమె చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"మల్లెకుంట సాయవ్వనా?"

"ఎరికేనా నీకు?"

"ఎరికేనా అంటవేందిరా." ఆమె మోటారు వైపు తిరిగింది. "ఒక్క మేళంల ఆడినం పదేండ్లు. నేను వేషం. ఆమె ఎనుకనుంచి పాట. నేను నోరు మెదిపేదాన్ని గాని దరువంత ఆమెదే. నాకు గంత గొంతేడిది? నాకు ఎగురుడు వచ్చు, కత్తి దూసుడు వచ్చు." తర్వాత అడిగింది. "నువ్వు రాసినదాంట్ల ఖంగుమనే గొంతు అని ఉన్నది గద? శీను సదివిండు. అప్పుడే చెప్దామనుకున్న. మురిసిపోతున్నవని ఊకున్న. అది నాది గాదు కొడుకా. ఆమెది. అది తీసి ఆమెకు పెట్టు."

మహేందర్‌కు ఆ సంచిక వాక్యం కళ్లముందు కదిలింది. సాయమ్మ, తదితరులు. అచ్చు వేసినవాళ్లకు వేషం కనబడింది. పాట తెర వెనక నుంచి వచ్చింది. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి అది అబద్ధమనడానికీ లేదు.

తన ప్రయోగశాల పేజీలో, అంటే ఇంకా అచ్చుకెక్కని చిత్తు రాసుకునే చోట, కొత్త పేజీ ఒకటి తెరిచాడు. 'సాయమ్మ (మల్లెకుంట)' అని పేరు పెట్టాడు. సాయమ్మ చెప్పినదంతా, భాగ్యమ్మ చెప్పినదంతా నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని రాశాడు. తన రాతలన్నింటిలోకి అది మంచి రాత అని అతనికే తెలిసింది. మూలాలు అన్న శీర్షిక కింద మాత్రం తెల్లగా ఉండిపోయింది. మరణ పత్రం ఆమె చనిపోయిందని చెబుతుంది. పాడిందని చెప్పదు.

మాస్టారు కరీంనగర్‌లో గ్రంథాలయాలు తిరిగాడు. వరంగల్‌లో పాత శిష్యుడిని పంపి పాత పత్రికల కట్టలు తిప్పించాడు. 'ఎక్కడా పేరు లేదు నాయనా, మేళం పేరు ఉంది, వేషాల పేర్లున్నాయి, పాడినవాళ్లను ఎవరూ రాయలేదు' అని రాశాడు. ఈసారి కింద శుభాశీస్సులు పెట్టలేదు. శ్రావణి చిత్తు చదివి రెండు రోజుల తర్వాత జవాబిచ్చింది. "చదివి ఏడ్చానండి. కానీ ప్రచురించలేం. ప్రచురిస్తే ఎవరో ఒకరు తొలగింపుకు పెడతారు, పెట్టడం న్యాయమే. ఒక్క మూలమైనా దొరకాలండి. ఆమె మృతి మీద వచ్చిన ఆ పత్రికా వార్తలో ఉన్నది మన సాయమ్మ గారి జీవితం కాబట్టి అది పనికిరాదు."

వికీలో పేజీ సరైనా పేపరును మహేందర్ వదల్లేదు. వారం వారం ఉత్తరం పెట్టాడు. నెలన్నర తర్వాత జిల్లా పేజీ అడుగున, వధూవరుల ప్రకటనల పక్కన, రెండు వరుసల సవరణ వచ్చింది. 'ఫలానా తేదీన ప్రచురితమైన చిందు కళాకారిణి సాయమ్మ మృతి వార్త పొరపాటుగా వచ్చింది. చింతిస్తున్నాము.' శ్రీను దాన్ని కత్తిరించి గది తలుపుకు అతికించాడు. సాయమ్మ చూసి తల తిప్పుకుంది. ఆ నెలన్నరలో ఆమె దరువుల మాట ఎత్తలేదు. మహేందర్ అడిగితే, "ఎవలు పాడుతరు ఎనుకనుంచి?" అనేది.

సవరణ వచ్చిన మూడో రోజు, రాయదుర్గం దగ్గర బండి తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది. భాగ్యమ్మ.

"అన్నా, పేపర్ల మళ్ల వేసిన్రంట. మా సర్పంచు చదివిండు." ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టుంది. "పొరపాటు అని వేసిన్రు. మా అమ్మ సచ్చుడు పొరపాటా అన్నా?"

మహేందర్ తుడిచే గుడ్డను పిండుతూ నిలబడ్డాడు. ఆ రెండు వరుసల కోసం తిరిగింది తనే. ఉత్తరాలు పెట్టింది తనే. వాళ్లకు ఉన్న ఒక్క పేపరు ముక్కను తనే చెల్లకుండా చేశాడు. ఇది ఆమెకు ఎట్లా చెప్పాలి?

"అది వేరే సాయమ్మ గురించి చెల్లె. మీ అమ్మది కాదు."

"మరి మా అమ్మది ఏది?"

అతను గుడ్డను బానెట్ మీద ఆరేశాడు.

"నువ్వు రాస్తనంటివి గదన్నా. వచ్చిందా?"

"రాసిన చెల్లె. ఇంక రాలే."

"ఎప్పుడొస్తది?"

టవరు నుంచి అతని నలుగురూ బయటికి వస్తూ కనిపించారు. ఒకతను చెయ్యెత్తి గడియారం చూపించాడు. "మళ్ల చేస్త చెల్లె," అని ఫోన్ పెట్టి తలుపు తీసి నిలబడ్డాడు.

మల్లెకుంట సాయమ్మ చిత్తు పేజీ ఇంకా అతని ప్రయోగశాలలోనే ఉంది. ఆరు నెలలు ఎవరూ ముట్టని చిత్తును వికీలో తీసివేస్తారు, అదొక నియమం. అందుకని మహేందర్ రెండు నెలలకోసారి, టవర్ల వెనక ఎండలో బండి ఆపుకుని, ఆ పేజీ తెరిచి ఎక్కడో ఒక కామా పెడతాడు. భద్రపరుస్తాడు. తర్వాతసారి వచ్చి ఆ కామా తీసేస్తాడు.